గుండె ఆగిన రోజు గాలి ఎలా ఉంది?

ఆ వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న కుర్రాడు ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోతాడు. పెళ్లి బరాత్‌లో డాన్స్ చేస్తున్న మనిషి నవ్వుతూనే కూలబడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో కామెడీ చేస్తున్నాడనుకుంటారు. అర్థమయ్యేలోపు సమయం అయిపోతుంది. కింద కామెంట్లలో ఒక్కొక్కరిది ఒక్కో డయాగ్నసిస్. వ్యాక్సిన్ అంటాడొకడు, ప్రొటీన్ పౌడర్ అంటాడింకొకడు. బిర్యానీ, నైట్ షిఫ్టులు, ఈఎంఐ టెన్షన్లు, చివరికి దిష్టి కూడా. గాలి అన్నవాళ్లని మాత్రం నేను ఇంతవరకు చూళ్లేదు.

వ్యాక్సిన్ గొడవ ముందే తేల్చేద్దాం. ఐసీఎంఆర్ దేశంలోని 47 ఆసుపత్రుల నుంచి వివరాలు తీసుకుని, 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్నట్టుండి చనిపోయినవాళ్ల మీద చేసిన అధ్యయనం 2023లో బయటికొచ్చింది. వ్యాక్సిన్ వల్ల ముప్పు పెరగలేదని అందులో తేలింది. కుటుంబంలో ఇలాంటి మరణాలు ఉండటం, కొవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా మందు తాగడం, డ్రగ్స్, అలవాటు లేని స్థాయిలో ఒళ్లు అలిసే పని, ఇవీ ముప్పు పెంచినవి. మంచి అధ్యయనం. కానీ ఆ జాబితాలోనూ గాలి లేదు.

నాకు ఈ గాలి పిచ్చి ఎందుకు పట్టుకుందంటే, మా నాన్న. ఆర్టీసీ డ్రైవర్‌గా నల్గొండ డిపోలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. రెండేళ్ల క్రితం స్టెంట్ పడింది. అప్పట్నుంచి అమ్మా నాన్నా నాతోనే కూకట్‌పల్లిలో ఉంటున్నారు. రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు డాక్టర్. నాన్న తూచా తప్పకుండా తెల్లవారుజామున ఐదున్నరకే బయల్దేరతాడు. కాలనీ లోపల పార్కు ఉంది. అందులో కాదు, మెయిన్ రోడ్డు పక్కన నడుస్తాడు. ఎందుకంటే అప్పుడే విజయవాడ నుంచీ రాయలసీమ నుంచీ ట్రావెల్స్ బస్సులు వరసగా దిగుతుంటాయి. ఏ బస్సు లేటయింది, ఏ డ్రైవర్ బండిని ఎలా ఆపాడు అని చూసుకుంటూ నడవడం ఆయనకి సరదా. డిసెంబర్‌లో ఒకరోజు తోడు వెళ్లాను. వీధిలైట్ల కింద గాలి బూడిద రంగులో నిలబడి ఉంది. మంచు అన్నాడు నాన్న. మంచుకి డీజిల్ వాసన ఉండదు కదా అనుకున్నాను.

ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను.

ముందు ఒక మాట. మన పేపర్లూ టీవీలూ అన్నిటికీ కలిపి ‘గుండెపోటు’ అనేస్తాయి. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో తారకరత్న కుప్పకూలినప్పుడు కార్డియాక్ అరెస్ట్ అన్న మాట రోజుల తరబడి టీవీల్లో నలిగింది. అయినా తేడా చాలామందికి ఎక్కలేదు. గుండెపోటంటే గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టం మూసుకుపోవడం. అది ప్లంబింగ్ సమస్య. మనిషి నొప్పితో ఉంటాడు, మాట్లాడతాడు, చాలాసార్లు తన కాళ్ల మీద తనే ఆసుపత్రికి నడిచి వెళ్తాడు. కార్డియాక్ అరెస్ట్ కరెంటు సమస్య. గుండెని క్రమంగా కొట్టించే విద్యుత్ సంకేతాలు గందరగోళమై, గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. రక్తం ముందుకు కదలదు. కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు కానీ రెండూ ఒకటి కాదు. గాలి కథ ఈ రెండింటితోనూ ముడిపడి ఉంది. నాకు ఎక్కువ ఆశ్చర్యమనిపించింది మాత్రం కరెంటు వైపు కథ.

హ్యూస్టన్ అనగానే మనకి నాసా, లేదంటే అక్కడ సెటిలైన చుట్టాలు గుర్తొస్తారు. నా బీటెక్ క్లాస్‌మేట్లే ముగ్గురున్నారక్కడ. ఆ నగరం చుట్టూ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. రైస్ యూనివర్సిటీ గణాంక శాస్త్రవేత్తలు కాథరిన్ ఎన్సర్, లోరెన్ రౌన్ తమ బృందంతో కలిసి 2004 నుంచి 2011 దాకా ఆ ఊళ్లో ఆసుపత్రి బయట గుండె ఆగిన 11,677 కేసుల్ని అంబులెన్స్ రికార్డుల నుంచి తీశారు. ఎవరికి ఏ రోజు, ఏ గంటకు ఆగిందో వాటిలో ఉంది. గాలిలో ఏమేం ఎంతెంత ఉందో కొలిచే మీటర్ల లెక్కలు ఇంకోచోట ఉన్నాయి. రెండు టేబుల్స్‌నీ జాయిన్ చేశారు, అంతే. ఇలాంటి పని మా ఆఫీసులో రోజూ చేస్తాం, ఎవరు ఏ బటన్ ఎప్పుడు నొక్కారో తెలుసుకోవడానికి.

వాళ్లు పోల్చిన తీరు నాకు బాగా నచ్చింది. సిగరెట్ తాగేవాణ్ని తాగనివాడితో పోల్చలేదు. పడిపోయిన మనిషిని తనతోనే పోల్చారు. మంగళవారం పడిపోతే, అదే నెలలోని మిగతా మంగళవారాల్లో గాలి ఎలా ఉంది, ఆ మంగళవారం ఎలా ఉంది అని చూశారు. ఆయన షుగర్, బీపీ, జీన్స్, తిండి అన్నీ అవే. మారింది రోజు మాత్రమే. గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 6 మైక్రోగ్రాములు పెరిగినప్పుడు, ఆ తర్వాత ఒకట్రెండు రోజుల్లో గుండె ఆగే ముప్పు 4.6 శాతం పెరిగిందని 2013లో ప్రచురించారు. ఓజోన్ అయితే ఇంకా తొందరగా, కొన్ని గంటల్లోనే ప్రభావం చూపింది.

4.6 శాతమేనా అనిపించిందా? నాకూ మొదట అలాగే అనిపించింది. మామూలుగా 100 మందికి గుండె ఆగే ఊళ్లో 105 మందికి ఆగుతుందన్నమాట. ఆ అదనపు ఐదుగురు ఎవరో ఎప్పటికీ తెలియదు. ఏ డెత్ సర్టిఫికెట్ మీదా ‘గాలి’ అని రాయరు. కుటుంబం మాత్రం ఆ ముందురోజు తిన్న పెళ్లిభోజనాన్నో, పడిన గొడవనో తల్చుకుంటూ కూర్చుంటుంది.

జపాన్‌వాళ్లు ఇదే పని దేశం మొత్తానికీ చేశారు. 2014, 2015 రెండేళ్లలో దాదాపు రెండున్నర లక్షల కేసులు. పెరుగుదల హ్యూస్టన్ కంటే తక్కువే, 10 మైక్రోగ్రాములకు 1 నుంచి 4 శాతం. కానీ ఆ కేసుల్లో 90 శాతానికి పైగా జరిగింది, అప్పటి డబ్ల్యూహెచ్‌ఓ పరిమితి లోపే గాలి ఉన్న రోజుల్లో. అంటే మనం శుభ్రమైన గాలి అని పిలిచే రోజుల్లోనే.

ఇదంతా సరే, ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, గుండె కరెంటుకీ దానికీ ఏం సంబంధం? ఒక దారి నరాల ద్వారా. ఊపిరితిత్తుల లోపలి పొరని ఈ కణాలు చికాకు పెడితే ఆ కబురు నరాల మీదుగా మెదడుకెళ్తుంది. గుండె వేగాన్ని సర్దే స్వయంచాలక వ్యవస్థలో గ్యాస్ పెడల్ వైపు బరువు పెరిగి, బ్రేకు వైపు తగ్గుతుంది. స్మార్ట్‌వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ అని ఒక అంకె కనిపిస్తుంది చూడండి, కాలుష్యం ఎక్కువున్న రోజుల్లో అది తగ్గడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. రెండో దారి వాపు. ఊపిరితిత్తుల్లో మొదలైన వాపు రక్తంలోకి పాకి, రక్తం త్వరగా గడ్డకట్టేలా చేస్తుంది. మూడోది సినిమా సీన్‌లా ఉంటుంది. 2017లో ఎడిన్‌బరో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల చేత అతి సన్నటి బంగారు కణాలు పీల్పించారు. బంగారమే ఎందుకంటే మామూలుగా మన రక్తంలో ఉండదు కాబట్టి ఇట్టే పట్టేయొచ్చు. కొందరిలో 15 నిమిషాలకే రక్తంలో కనిపించింది. మూడు నెలల తర్వాత కూడా ఒంట్లో జాడలున్నాయి. పీల్చింది ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతుందనుకుంటే పొరపాటే.

లాగ్స్ ఇష్టపడే నాలాంటివాళ్ల కోసం ఇంకొకటి. ప్రమాదకరమైన గుండె లయలున్నవాళ్లకి ఛాతీలో ఐసీడీ అనే పరికరం అమరుస్తారు. లయ తప్పగానే అదే షాక్ కొట్టి సరిచేస్తుంది, ఎప్పుడు కొట్టిందో టైమ్‌తో సహా రాసుకుంటుంది. బోస్టన్ ప్రాంతంలో ఇలాంటి 100 మంది పరికరాల రికార్డుల్ని గాలి లెక్కలతో కలిపి చూశారు. వాహనాల పొగకి గుర్తుగా వాడే నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగిన రోజుల తర్వాత షాకులు పెరిగాయని 2000లో చెప్పారు. తర్వాత వేరే ఊళ్లలో చేసినప్పుడు అన్నిచోట్లా ఇంత స్పష్టంగా రాలేదు, వాంకూవర్‌లో దాదాపు ఏమీ కనపడలేదు. అది కూడా చెప్పాలి. సైన్స్ అంటే ఒక్క అధ్యయనం స్క్రీన్‌షాట్ కాదు.

నాన్నకి ఇవన్నీ చెప్తే ఆయన వినేశాడు. తర్వాత అన్నాడు: “ముప్పై ఏండ్లు డీజిల్ పొగల్నే ఉన్న. అప్పుడు తాకని దెబ్బ ఇప్పుడు తాకుతదారా?”

దానికి జవాబు 2007 నాటి ఒక ప్రయోగంలో దొరికింది. అంతకుముందు గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది మగవాళ్లు. ఒక గదిలో సైకిల్ తొక్కించారు, ఒకసారి శుభ్రమైన గాలిలో, ఇంకోసారి పలచన చేసిన డీజిల్ పొగలో. ఈసీజీలో గుండె కండరానికి రక్తం చాలట్లేదని చెప్పే గుర్తు పొగలో ఎక్కువ కనిపించింది. ఎక్సర్‌సైజ్ అదే, మనుషులూ వాళ్లే. స్టీరింగ్ ముందు కూర్చున్న ముప్పై ఏళ్ల నాన్న వేరు, స్టెంట్‌తో వేగంగా నడుస్తున్న అరవై మూడేళ్ల నాన్న వేరు. పైగా నడిచేటప్పుడు మనం మామూలు కంటే ఎన్నో రెట్ల గాలి లోపలికి లాగుతాం.

మన వయసువాళ్లకి ఇందులో ఎంత భయం ఉండాలి? నా అభిప్రాయంలో, మరీ ఎక్కువ వద్దు. ఇరవైల్లో ఉన్న, గుండె జబ్బు లేని మనిషికి ఒక రోజు పొగ వల్ల పెరిగే ముప్పు చాలా చిన్నది. దీన్ని అందంగా చూపించింది బెల్జియం పరిశోధకులు 2011లో లాన్సెట్‌లో రాసిన వ్యాసం. కొకైన్ తీసుకున్న కాసేపట్లో గుండెపోటు ముప్పు 23 రెట్లు పెరుగుతుంది. ట్రాఫిక్‌లో ఉండటం వల్ల పెరిగేది దాని ముందు చాలా తక్కువ. కానీ జనాభా మొత్తంలో ఎన్ని గుండెపోట్లకి ఏది కారణమని లెక్కేస్తే కొకైన్ వాటా 0.9 శాతం, ట్రాఫిక్ వాటా 7.4 శాతం. ఎందుకంటే కొకైన్ కొందరే తీసుకుంటారు. ట్రాఫిక్‌లో అందరం ఉంటాం, పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు.

మన ఊళ్ల లెక్కలు కూడా ఉన్నాయి, ఇవి ఒక్క గుండెవే కాదు, అన్ని రకాల మరణాలవీ. 2008 నుంచి 2019 దాకా దేశంలోని 10 నగరాల్లో 36 లక్షల మరణాల్ని పరిశీలించిన అధ్యయనం 2024లో వచ్చింది. అందులో హైదరాబాద్ కూడా ఉంది. డబ్ల్యూహెచ్‌ఓ రోజువారీ పరిమితి 15 మైక్రోగ్రాములు. దాన్ని దాటిన గాలి వల్ల ఇక్కడ ఏటా సుమారు 1,600 మంది చనిపోతున్నారని అంచనా. మనం ఎప్పుడూ ‘ఢిల్లీ అంత లేదులే’ అని సరిపెట్టుకుంటాం. అదే అధ్యయనంలో 10 మైక్రోగ్రాములు పెరిగితే ఢిల్లీలో రోజువారీ మరణాలు 0.3 శాతం పెరిగాయి. మంచి గాలి అని పేరున్న బెంగళూరులో 3 శాతం. తక్కువ కాలుష్యం దగ్గర మొదట్లో పెరిగేదే ఎక్కువ దెబ్బ తీస్తుంది, తర్వాత ఆ వాలు నెమ్మదిస్తుంది. ఢిల్లీతో పోల్చుకుని ఊరట పడటంలో అర్థం లేదు.

ఊళ్లకెళ్లిపోతే బాగుంటుందా? నాన్న నమ్మకం అదే. “నల్గొండల అయితే ఈ గోసే ఉండకపోవు” అంటాడు. కేంద్రం 2019లో నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ కోసం గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితా వేస్తే, తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్గొండ కూడా అందులో ఉంది. ఆ సంగతి చెప్తే ఆయన ముఖం చూడాల్సింది, కన్నబిడ్డ మీద చాడీ చెప్పినట్టు చూశాడు. పల్లెలు కూడా తప్పించుకోలేదు. హైదరాబాద్ శివార్లలో 28 పల్లెల్లో మూడు వేల మందికి పైగా మెడ రక్తనాళాల మందం కొలిచారు. పీఎం 2.5 ఎక్కువున్నచోట ఆ గోడలు మందంగా ఉన్నట్టు కనిపించింది. కట్టెల పొయ్యి మీద వండే ఆడవాళ్లలో కూడా అంతే. మా అమ్మమ్మ పొయ్యి ఊదే గొట్టం గుర్తొచ్చింది నాకు. పొగ అనగానే మనం బండ్లనే తల్చుకుంటాం.

ఇక యాప్‌ల సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యాప్ పేరు సమీర్. సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం లాంటి స్టేషన్ల ఏక్యూఐ అందులో కనిపిస్తుంది. రెండు విషయాలు తెలిస్తే దాన్ని వేరేలా చూస్తారు. ఒకటి, మన ఏక్యూఐలో ‘గుడ్’ అనే పచ్చరంగు పీఎం 2.5 30 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ గీత 15 దగ్గరే ఉందని చెప్పాను కదా. అంటే గీతకి రెట్టింపు దగ్గర కూడా మనకి పచ్చగానే కనిపిస్తుంది. రెండోది, ధూళికి వాడేది 24 గంటల సగటు. సర్వర్ సీపీయూ వాడకం రోజు సగటు 40 శాతం అని చూపిస్తే అది ఉదయం తొమ్మిదికి 100 కొట్టి పడిపోయిన సంగతి మీకెలా తెలుస్తుంది? ఇదీ అంతే. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా తిరిగిన లారీల పొగ, తగలబెట్టిన చెత్త పొగ అన్నీ ఆ మూత కిందే. ఎండెక్కి నేల వేడెక్కితేగానీ పైకి లేవదు. ఆ సమయంలోనే స్టెంట్ వేయించుకున్న మన పెద్దవాళ్లంతా వాకింగ్‌కి బయల్దేరతారు. హఠాత్తుగా గుండె ఆగడం అసలే ఉదయం పూట ఎక్కువని వైద్యులకి ఎప్పట్నుంచో తెలుసు.

నడక మానెయ్యమనడం మాత్రం తప్పు. గుండెకి నడక చేసే మేలు ముందు ఈ నష్టం చిన్నదే. నాన్న డాక్టర్‌ని కూడా అడిగాం, నడవాల్సిందే అన్నారు, టైమూ దారీ మార్చుకోమన్నారు. అసలు గొడవ అక్కడే మొదలైంది. “గాలి బాగలేదని ఊపిరి పీల్చుడు బంద్ పెట్టాల్నారా?” అని నాన్న. “ఆ బస్సులు చూడకపోతే ఏం పోయింది?” అని అమ్మ. నాలుగు రోజులు మాటల్లేవు. మాస్క్ తెచ్చిస్తే, “కరోనా పోయి ఎన్నేండ్లాయె” అని షూ స్టాండ్ మీద పడేశాడు. నిజానికి మాస్క్ పనికిమాలినదేం కాదు. బీజింగ్‌లో 98 మంది గుండె జబ్బు ఉన్నవాళ్లని నగరం మధ్యలో రెండు గంటలు నడిపించారు, ఒకసారి మంచి ఫిల్టర్ మాస్క్‌తో, ఒకసారి లేకుండా. మాస్క్ పెట్టుకున్నప్పుడు బీపీ తగ్గింది, గుండెకి రక్తం చాలని గుర్తులూ తగ్గాయి. కానీ అది ముఖానికి బిగుతుగా పట్టే మాస్క్. మెడలో వేలాడే గుడ్డ కాదు.

చివరికి ఒప్పందం కుదిరింది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం నాలుగింటికి, కాలనీ పార్కులో. మిగతా నెలల్లో పొద్దున్నే, కానీ అదీ పార్కులోనే. బస్సులు చూడటం ఆదివారం ఒక్కరోజు, టీ కొట్టు దగ్గర కూర్చుని, నడుస్తూ కాదు. ఆ షరతు నాన్నది.

దీనితో సమస్య తీరిందని నేననుకోవట్లేదు. టైమ్ మార్చుకునే వీలు రిటైరైనవాళ్లకి ఉంది. జీహెచ్‌ఎంసీలో తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే అక్కలకి లేదు, సిగ్నల్ దగ్గర నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి లేదు, నాన్న చూసే ఆ బస్సుల డ్రైవర్లకీ లేదు. మన దేశంలో పీఎం 2.5కి ఏడాది సగటు పరిమితి 40, 2009లో పెట్టింది. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో తన గీతని 5కి దించింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది ప్రభుత్వాల పని, మన మాస్కుల పని కాదు.

గుండె ఆగాక చేయాల్సింది మాత్రం పక్కనున్నవాళ్ల పని. ఒక్కో నిమిషం ఆలస్యానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. 108 రావడానికి ఎంత తొందరపడినా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలోపు ఛాతీ మధ్యలో రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా నొక్కుతూనే ఉండాలి. పాత సినిమాల్లో చూపించినట్టు ముఖం మీద నీళ్లు చల్లడం, ఇనుప తాళాలు చేతిలో పెట్టడం వల్ల ఏమీ జరగదు. హ్యూస్టన్‌లో ఆ గాలి లెక్కలు తేలాక, ముప్పు ఎక్కువున్న పేటల్లో జనానికి సీపీఆర్ నేర్పడానికి కూడా వాటిని వాడుకున్నారు.

మా అపార్ట్‌మెంట్‌లో వచ్చే నెల రెండో ఆదివారం సీపీఆర్ శిక్షణ పెట్టిస్తున్నాం. వాట్సాప్ గ్రూప్‌లో పేర్లు ఇవ్వమన్నాను. ఇప్పటికి 18 వచ్చాయి. నాన్న వాకింగ్ బ్యాచ్ మొత్తం ఉంది, అందులో ముగ్గురికి స్టెంట్లు. నా వయసువాళ్లు నలుగురు.